ఉట్టి మీద సీసాతోట

మా ఇంటి వసారాలో తాటిదూలానికి అయిదు ఉట్లు వేలాడుతున్నాయి. వాటిలో పాలూ లేవు, పెరుగూ లేదు. ఒక్కొక్క ఉట్టిలో ఒక గాజుబుడ్డి, అందులో గుప్పెడు మన్ను, కాస్త నాచు, నాలుగు ఆకులు ఉన్నాయి. కూర్మనాథుని దర్శనానికి వచ్చి, దారి అడగడానికి మా గుమ్మం ముందు ఆగే యాత్రికులు మొదట వాటివంక చూస్తారు, తరవాతనే దారి అడుగుతారు. "ఇవేమిటండీ?" అన్న ప్రశ్నకు నేను చెప్పే జవాబు ఈ ఎనిమిదేళ్ళలో మారిపోయింది. ఆంగ్లంలో టెర్రేరియం అంటారని మొదట్లో కాస్త గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు మా అమ్మ పెట్టిన పేరే చెబుతున్నాను. సీసాతోట.

వీటి గురించి ఒక టపా రాయమని మిత్రులు చాన్నాళ్ళుగా అడుగుతున్నారు. ఏ ఋతువులో ఏం చెయ్యాలో రాయడం కష్టం కాదు. నేర్చుకున్నదంతా నష్టపోయి నేర్చుకున్నదే కనుక ఒక్కటీ మరిచిపోలేదు. కానీ ఆ అయిదింటిలో ఒక బుడ్డి సంగతి దాచిపెట్టి మిగిలిన నాలుగింటి గురించి చెప్పడం నాకు చేతకాలేదు. 2025 శ్రావణంలో ఆ బుడ్డి మూత తీశాను. ఇక రాయవచ్చుననిపించింది.

2016లో ఉపాధ్యాయవృత్తి నుంచి విరమించి, అమ్మ ఒక్కర్తే ఉంటున్న శ్రీకూర్మం ఇంటికి మేమిద్దరం వచ్చేశాం. మరుసటి ఉగాదికి బెంగుళూరు నుంచి మా అమ్మాయి బంతిలాంటి గాజుబుడ్డి ఒకటి తెచ్చింది. పైన చిన్న కొక్కెం, పక్కన గుండ్రని కన్నం, లోపల రంగు గులకరాళ్ళు, రెండు మొక్కలు. దూలానికి మేకు కొట్టి వేలాడగట్టాను. అమ్మ కిందనుంచి తలెత్తి చాలాసేపు చూసింది.

"ఏటిరా ఇది? మొక్కని సీసాలో పెట్టి ఉరి తీసినట్టుంది."

"కాదమ్మా, ఇదో రకం తోట."

"సీసాతోటా?" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. పేరు మాత్రం ఉండిపోయింది.

ఆ మొక్కలు జ్యేష్ఠమాసం చూడలేదు. మాది ఉత్తరముఖం ఇల్లు, వసారాలోకి ఎండ రాదన్న ధీమాతో ఉన్నాను. మా ఊరు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. సూర్యుడు మే నడిమికి మా నెత్తిమీదికి వచ్చి, అక్కణ్ణుంచి ఆగస్టు మొదలుదాకా మధ్యాహ్నవేళ మాకు ఉత్తరంగానే ఉంటాడు. నడిమధ్యాహ్నం ఎండను చూరు ఆపుతుంది గానీ, పొద్దున్న ఈశాన్యం నుంచీ సాయంత్రం వాయవ్యం నుంచీ ఏటవాలుగా వచ్చే ఎండను ఆపలేదు. నేరుగా ఎండ తగిలిన గాజుబుడ్డి మొక్కకు ఇల్లు కాదు, ఆవిరికుండ. వెలుగు లోపలికి వెళ్ళి వేడిగా మారుతుంది, ఆ వేడిగాలి బయటికి పోయే తోవ ఉండదు. మూడు రోజుల్లో ఆకులు ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు నల్లబల్ల మీద కర్కటరేఖ గీసి చూపించినవాణ్ణి. నా వసారాలోకి ఎండ ఉత్తరం నుంచి వస్తుందన్న సంగతి ఒక మొక్క చచ్చి చెప్పేదాకా నాకు తోచలేదు.

ఆ సిగ్గుతోనే ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు చదివాను. లండన్‌లో నథానియెల్ బాగ్‌షా వార్డ్ అనే వైద్యుడికి మొక్కలంటే ప్రాణం. ఊరినిండా బొగ్గుపొగ కమ్మి ఆయన పెరట్లో ఫెర్నులు బతికేవి కావు. 1829లో ఆయన ఒక చిమ్మట పుట్టుక చూద్దామని దాని గూటిని తడిమట్టితో సహా ఒక సీసాలో పెట్టి మూతపెట్టాడు. చిమ్మట మాట ఎలా ఉన్నా, ఆ మట్టిలోంచి ఒక ఫెర్ను, ఒక గడ్డిపరక మొలిచాయి. పెరట్లో ఎంత సాకినా బతకనిది సీసాలో ఎవరూ పట్టించుకోకుండానే పెరిగింది. పగటి వేడికి మట్టిలోని తడి ఆవిరై గాజుకు పట్టి, మళ్ళీ చల్లబడి మట్టిలోకి జారడం ఆయన గమనించాడు. అవి దాదాపు నాలుగేళ్ళు బతికి, ఆయన ఊళ్ళో లేని సమయంలో మూత తుప్పుపట్టి వాననీరు లోపలికి చేరి చచ్చిపోయాయి. నీళ్ళు లేక కాదు, ఎక్కువై. ఈ ముక్క చదివినప్పుడు నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. అనిపించవలసింది తరవాత అనిపించింది.

1833లో వార్డ్ అటువంటి గాజుపెట్టెల్లో మొక్కలను ఓడమీద ఆస్ట్రేలియాకు పంపితే నెలల తరబడి ఉప్పుగాలిలో ప్రయాణం చేసి పచ్చగా దిగాయి. 1842లో ఆయన దీనిమీద పుస్తకం రాశాడు. ఆ పెట్టెలు ఆ తరవాత ప్రపంచపటాన్నే మార్చాయి. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కలను హిమాలయాలకు చేర్చింది వాటిలోనే. 1860 ప్రాంతంలో సింకోనా మొక్కలు నీలగిరులకు చేరిందీ వాటిలోనే. మన మన్యంలో చలిజ్వరానికి మింగిన చేదుగోళీ వెనక ఒక గాజుపెట్టె ఉందంటే వింతగా ఉంటుంది. దొర చేతిలో అది వ్యాపారం, సామ్రాజ్యం. నా వసారాలో కాలక్షేపం. గాజులోపల జరిగే పని మాత్రం ఒక్కటే.

ఇక అసలు విషయానికి వస్తాను. మొక్కల సంవత్సరం మా ఇంట్లో చైత్రంతో మొదలవదు, ఆషాఢంతో మొదలవుతుంది. నాలుగు వానలు పడి గాలి చల్లబడ్డాక నాటిన మొక్క వేరూనుతుంది, వేసవిలో నాటినది ఊనదు. సీసాలకోసం ఊరంతా వెతకనక్కరలేదు. కిరాణా కొట్లో బిళ్ళలూ జీళ్ళూ పోసే పాత గాజుసీసా, ఊరగాయ సీసా, పగలని పెద్ద లాంతరు గ్లాసు, అన్నీ పనికొస్తాయి. అడుగున రెండంగుళాలు వంశధార గులకరాళ్ళు, దానిమీద కట్టెలబొగ్గు నలిపి ఒక పొర, పైన మన్ను. మట్టిలో సగం కొబ్బరిపొట్టు, మిగతా సగంలో ఇసుక, చివికిన ఆకులు. ఎరువు వెయ్యకూడదు. పొలంలో మొక్క పెరగాలని కోరుకుంటాం, సీసాలో మొక్క నెమ్మదిగా పెరగాలని కోరుకోవాలి. అడుగున రాళ్ళు వేశాం కదా, ఎన్ని నీళ్ళు పోసినా కిందికి దిగిపోతాయనుకోవడం పొరపాటు. సీసాకు కన్నం లేదు. దిగిన నీళ్ళు ఎక్కడికీ పోవు. రాళ్ళు చేసే మేలల్లా మనం ఎంత ఎక్కువ పోశామో గాజులోంచి చూపించడమే.

నాచు మా నూతిగట్టు మీదే దొరుకుతుంది. ఆలయ ప్రాకారం మీద, శ్వేతపుష్కరిణి మెట్లమీద ఇంకా మెత్తటి నాచు ఉంటుంది గానీ ముట్టుకోలేదు. ఆ గోడలూ స్తంభాలూ శాసనాలున్న రాళ్ళు. మా సరదా కోసం వాటిని గీరడం తగదు. నూతి లోపలి రాళ్ళ సందుల్లో మొలిచే చిన్న ఫెర్ను, గోడకు పాకే ఫైకస్ తీగ, కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల బండిలో దొరికే ఫిట్టోనియా, పెపరోమియా, ఇవి మా ఊరి గాలికి సరిపడ్డాయి. చివికిన ఆకులతోపాటు గసగసాలకన్నా చిన్నవైన తెల్లని పురుగులు కొన్ని వస్తాయి. చూసి భయపడి మన్నంతా పారబొయ్యకండి. అవి బూజును తిని బతుకుతాయి, మొక్క జోలికి రావు.

వేలాడగట్టడంలోనూ మెలకువలున్నాయి. మన్నూ రాళ్ళూ వేసిన సీసా మూడు నాలుగు కిలోలు తూగుతుంది. ఇనపగొలుసు మా సముద్రపుగాలికి రెండేళ్ళలో పొడైపోతుంది. నూలుతాడు తడికి లోపల్లోపల చివికి, ఒక రాత్రి చెప్పకుండా తెగుతుంది. నైలాను వలతాడు తడికి ఆగుతుంది గానీ ఎండకు పెళుసెక్కుతుంది. కొబ్బరితాడుతో ఉట్టి అల్లుకోవడం మేలు. ఉట్లు అల్లడం నాకు నేర్పింది అమ్మే. ఆవిడ చేతివేళ్ళు వంకర్లు తిరిగిపోయినా ముడి ఎక్కడ పడాలో కళ్ళు మూసుకుని చెప్పేది. ప్రతి ఉగాదికీ తాళ్ళు మారుస్తాను, బాగున్నా సరే.

వర్షర్తువులో పని తక్కువ. గాలిలోనే తడి ఉంటుంది కనుక మూతలున్నవాటికి నీళ్ళక్కరలేదు. మూతలేనివాటికి వారానికి రెండు ఉద్ధరిణులు. అవును, ఉద్ధరిణులే. సంధ్యావందనం పళ్ళెంలోని ఉద్ధరిణి కన్నా మంచి కొలత నాకు దొరకలేదు. చెంబుతో పోస్తే చెయ్యి ఆగదు. పొద్దున్న గాజుమీద మూడోవంతు మేర మంచు పట్టి మధ్యాహ్నానికి తేలిపోతే తడి సరిగ్గా ఉన్నట్టు. రోజంతా మసకగా ఉంటే ఎక్కువైనట్టు, మూత తీసి ఒక పూట ఉంచాలి. అసలు పట్టకపోతే ఒక ఉద్ధరిణి పొయ్యాలి. ఇంతకుమించి శాస్త్రం లేదు.

శరత్తు మా తీరంలో వెన్నెలకాలమే కాదు, తుపాన్ల కాలం కూడా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఎలా ఊపేసిందో అందరికీ తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా జిల్లాలోనే తీరం దాటింది. ముందురోజు సాయంత్రమే ఉట్లన్నీ విప్పి, సీసాలను బియ్యం డ్రములో పాతగోనెల మధ్య సర్దాను. ఒకటి పట్టలేదు. దాన్ని దూలానికే వదిలేశాను. తెల్లారేసరికి వసారాలో గాజుముక్కలు, మన్ను. అమ్మ ఆ ముక్కల మధ్యనుంచి నాచుబిళ్ళను ఏరి, కొబ్బరిచిప్పలో పెట్టి, నీళ్ళు చిలకరించింది. అటు ఉద్దానంలో తరాలనాటి కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలాయని కబుర్లు వస్తున్నాయి. సీసాల గురించి విచారించడానికి సిగ్గువేసింది. అమ్మ మాత్రం, "ఇది బతికింది, చూడు" అని ఆ చిప్ప తెచ్చి చూపించింది.

హేమంతం, శిశిరం వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు, ఉత్తరపు వసారాలో వెలుగు తగ్గుతుంది. మొక్కలు వెలుగు వైపు మెడలు సాచి పీలగా పెరుగుతాయి. ఉట్టిలో ఉన్నవాటికి ఒక సౌకర్యం ఉంది. వారానికోసారి పావువంతు తిప్పితే చాలు, అన్నివైపులా సమంగా పెరుగుతాయి. చలిరాత్రుల్లో గాజుకు మంచు విపరీతంగా పడుతుంది. గాజుకు ఆనిన ఆకు ముందు కుళ్ళుతుంది కనుక కత్తిరించాలి. మధ్యాహ్నం ఒక గంట మూత తియ్యాలి.

ముస్తాబులన్నీ సంక్రాంతి ముందే చేస్తాను. మనుమలు వస్తారు కదా. ఇక్కడా నా పొరపాట్ల పట్టిక పెద్దదే. మొదటేడు కళింగపట్నం బీచినుంచి తెల్లని ఇసుక, గవ్వలు తెచ్చి నాచుచుట్టూ పరిచాను. నెలలో నాచు పసుపెక్కింది. సముద్రపు ఇసుకలోని ఉప్పు దాన్ని తినేసింది. అప్పటినుంచి వంశధార ఇసుకే, అదీ మూడుసార్లు కడిగి. ఏటికొప్పాక లక్కబొమ్మలు పెట్టి చూశాను. తడికి లోపలి కర్ర ఉబ్బి లక్క పెచ్చులూడింది. వాటిని ఇప్పుడు మూతలేని, నీళ్ళక్కరలేని ముళ్ళమొక్కల బుడ్డిలో మాత్రమే ఉంచుతున్నాను. అన్నిటికన్నా బాధపెట్టింది ఇత్తడి తాబేలు. శ్రీకూర్మంలో సీసాతోట అంటే అందులో కూర్మం ఉండవద్దా అని, బుడితి కంచరుల చేత బొటనవేలంత తాబేలు చేయించి నాచుమీద నిలబెట్టాను. చూడముచ్చటగా ఉండేది. రెండు నెలలకు తాబేలు కాళ్ళకింద నాచు నల్లబడి, ఆ నలుపు చుట్టూ పాకింది. ఇత్తడిలో రాగి ఉంటుంది. తడికి కిలుము పడుతుంది. ఆ కిలుమునీరు నాచుకు విషం. ఇప్పుడక్కడ ఏటిలో దొరికిన నల్లరాయి ఒకటి ఉంది. కాస్త తలతిప్పి చూస్తే తాబేలే.

ఒక యాత్రికుడు ఆలయంలోని నక్షత్ర తాబేళ్ళను చూసి వచ్చి, వాటి పిల్లనొకదాన్ని ఇందులో వేస్తే ఎంత బాగుంటుందోనన్నారు. ఆయన మంచిమనసుతోనే అన్నారు గానీ, వాటిని పట్టడం, అమ్మడం, ఇళ్ళలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని చెప్పాను. చట్టం సంగతి అలా ఉంచినా, తన ఇల్లు తన వీపుమీదే మోసుకు తిరిగే ప్రాణికి నా గాజు ఇల్లు ఎందుకు?

ఫాల్గుణ పౌర్ణమికి ఊళ్ళో డోలోత్సవం. స్వామి ఊయల ఊగే ఆ మూడురోజులూ జనసందోహం మా వీధిదాకా పొర్లుతుంది. ఊగే సీసాలకు పిల్లల చేతులు తగలకుండా వాటిని ఒక మూర పైకి కడతాను. ఆ తరవాత చైత్రవైశాఖాలు. ఇది నాటే కాలం కాదు, దాచే కాలం. సూర్యుడు ఉత్తరానికి జరిగేకొద్దీ సీసాలు వసారా అంచునుంచి లోపలి గోడకు, అక్కణ్ణుంచి నడవలోకి జరుగుతాయి. నూతిగట్టు మీది నాచు ఈ రోజుల్లో ఎండి, గోధుమరంగు పొడిలా అయిపోతుంది. చచ్చిందనుకుంటాం. మొదటివానకు గంటలో పచ్చబడుతుంది. దానికి వేళ్ళు లేవు, నీళ్ళు దాచుకునే తావు లేదు. అందుకే ఎండిపోవడం కూడా నేర్చుకుంది. వేసవిలో నాచుకు గాభరాపడి నీళ్ళు పోసేవాడు నాచును నమ్మనివాడు.

ఈ చివరి వాక్యం నేను ఒకప్పుడు అమ్మతోనూ అన్నాను. అంత మర్యాదగా కాదు.

అమ్మకు నీళ్ళు పొయ్యడమే బతుకు. పదిహేనో ఏట కాపురానికి వచ్చిన నాటినుంచీ నూతిలో చేద వేసి తులసికి, మందారానికి, అరటికి, దూడకు, వచ్చినవాళ్ళ కాళ్ళకు నీళ్ళు పోస్తూనే ఉంది. మొదటినుంచీ నాకూ ఆవిడకూ ఈ సీసాల దగ్గర తగువే. "నీళ్ళు పొయ్యకపోతే ఎలా బతుకుతాదిరా?" అనేది. నేను వార్డ్ దొర కథ చెప్పేవాణ్ణి. "ఆ దొరకేం తెలుసు మన ఎండలు?" అనేది. నవ్వుకునేవాళ్ళం.

2020 తరవాత అది నవ్వులాట కాకుండా పోయింది. అమ్మకు మరుపు మొదలైంది. పొద్దున్న పోసిన సంగతి మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. ఇత్తడి చెంబు పట్టుకుని, ముక్కాలిపీట ఎక్కి, ఉట్లలోని సీసాలన్నిటికీ మళ్ళీ పోసేది. సాయంత్రం మళ్ళీ. పీటమీంచి పడుతుందని ఒక భయం, మొక్కలు పోతున్నాయన్న కోపం ఇంకొకటి. ఏది ఎక్కువగా ఉండేదో నిజాయితీగా చెప్పాలంటే నాకు చెప్పడానికి ఇష్టం లేదు. రెండు నెలల్లో మూడు సీసాలు కుళ్ళిపోయాయి. చెంబు దాచాను. గ్లాసుతో పోసింది. గ్లాసు దాచాను. దోసిలితో పోసింది. ఒకరోజు ఇంటికి చుట్టాలు వచ్చిన సమయంలో అందరి ముందూ అరిచాను, "అమ్మా, వాటిని నువ్వే చంపేస్తున్నావు!" అని.

అమ్మ పీట దిగింది. "నేను చంపడమేటిరా? నీళ్ళేగా పోసినాను" అంది. అని, తడిచేతులు చీరకు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

2021 అక్టోబరులో, మిగిలినవాటిలో మంచి సీసా ఒకదాన్ని కాపాడుకోవాలనుకున్నాను. తిత్లీ నాడు అమ్మ చిప్పలో బతికించిన నాచు అందులోనే ఉంది. ఆ ఉదయం కూడా అమ్మ దాన్నిండా పోసింది. వంచి, దూదితో పీల్చి, సగం నీళ్ళు తీశాను. మిగిలిన సగం రాళ్ళ మధ్య ఉండిపోయింది. బిరడా బిగించి చుట్టూ మైనం కరిగించి పోశాను. ఇంగ్లండులో డేవిడ్ లాటిమర్ అనే ఆయన 1960లో ఒక పెద్ద సీసాలో మొక్క నాటి, 1972లో ఆఖరుసారి నీళ్ళు పోసి మూసేస్తే దశాబ్దాల తరవాత కూడా పచ్చగా ఉందని చదివి ఉన్నాను. ఇంట్లో అందరికీ అది ఒక ప్రయోగమని చెప్పాను. ప్రయోగం కాదు. ఆ మైనం అమ్మ చేతికి అడ్డం వేసినది.

అమ్మ దానికింద నిలబడి చూసేది. "దీనికి ఎవరు పోస్తారు?" అనేది. ఎవరూ పొయ్యనక్కరలేదంటే నమ్మేది కాదు. కానీ ప్రతి ఉదయమూ గాజులోపల బొట్లుబొట్లుగా నీళ్ళు కనిపించేవి కదా, అవి చూసి ఆవిడ ముఖం తేటపడేది. "ఇవాళ పోసేశావేటిరా?" అని అడిగేది. నేను "పోశానమ్మా" అనేవాణ్ణి. ఆ జవాబు వినగానే ఆవిడకు ఆ పూటకు నిశ్చింత. నాలుగు నెలలపాటు రోజూ ఈ ప్రశ్న, ఈ అబద్ధం. మా మధ్య తగువు లేకుండా సాగిన సంభాషణ ఆ రోజుల్లో అదొక్కటే.

2022 ఫిబ్రవరిలో అమ్మ వెళ్ళిపోయింది.

పన్నెండురోజులూ గడిచి చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న వసారాలోకి వచ్చి చూస్తే గాజునిండా బొట్లు. అప్పుడు తెలిసింది, ఆ నీళ్ళెవరివో. నేను తీసేసిన సగం పోగా మిగిలినవి. పగలు ఆవిరై, రాత్రి బొట్లై, మళ్ళీ మట్టిలోకి దిగుతున్నాయి. ఎక్కువ పోసిందని అరిచాను. ఆ ఎక్కువలో మిగిలినదానితోనే ఆ సీసా మూడున్నరేళ్ళు బతికింది.

మైనం తీసే ధైర్యం రాలేదు. మిగతా సీసాలకు కత్తిరింపులు, ముస్తాబులు, మార్పులు అన్నీ చేస్తూ దీన్ని మాత్రం ముట్టుకోలేదు. వేసవిలో నడవలోకి తెచ్చి, వానల్లో మళ్ళీ దూలానికి కట్టడం తప్ప. 2025 వేసవికి లోపల ఫెర్ను ఆకులు పసుపెక్కాయి, చచ్చిన కాడలకు తెల్లని బూజుదారాలు పట్టాయి, పొద్దుటి బొట్లు పలచబడ్డాయి. ఎక్కడో బిరడాలోంచి కొద్దికొద్దిగా తడి పోతున్నట్టుంది. చూస్తూ ఊరుకున్నాను. శ్రావణంలో ఒకరోజు మా ఆవిడ ముగ్గు వేస్తూ తలెత్తి అంది.

"దాన్నలా చావనిస్తారేమిటండీ? అత్తయ్యే ఉంటే ఊరుకునేవారా?"

ఊరుకునేది కాదు. పీట ఎక్కేది.

సీసా దింపి చాకుతో మైనం గీరాను. బిరడా వస్తూనే నూతిగట్టు వాసన, మొదటివాన వాసన. ఎండిన కాడలు పట్టకారుతో తీశాను. బూజు తుడిచాను. ఫెర్ను వేరు గట్టిగానే ఉంది. నాచు అంచుల్లో ఎండినా నడుమ పచ్చగా ఉంది. దానిలోంచి గోరంత ముక్కలు నాలుగు తీసి మిగిలిన నాలుగు సీసాలలోనూ అంటించాను. ఇప్పుడు ఏదైనా పగిలినా అన్నీ పోవు.

ఆఖరున నీళ్ళు పొయ్యాలి. అమ్మ చెంబులోనే నీళ్ళు తెచ్చాను గానీ, పొయ్యడం ఉద్ధరిణితోనే పోశాను. రెండు చాలు. మూడోది కూడా పోశాను. అది లెక్కకు ఎక్కువే.

మీలో ఎవరైనా ఈ ఆషాఢానికి సీసాతోట మొదలుపెడితే పైన చెప్పిన కొలతలు పాటించండి. ఎండ ఏ వైపునుంచి వస్తుందో ముందు చూసుకోండి, ఉప్పిసుక, ఇత్తడి పెట్టకండి, ఏటా తాళ్ళు మార్చండి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చెంబుతో వస్తే మాత్రం ఒక సీసా వాళ్ళకు వదిలెయ్యండి. కుళ్ళితే మళ్ళీ నాటుకోవచ్చు. నూతిగట్టు మీద నాచుకు కరువు లేదు.

ఆ సీసా ఇప్పుడు మళ్ళీ దూలానికి వేలాడుతోంది. కొత్త ఆకు ఒకటి చుట్ట విప్పింది. దుమ్ము పడకుండా బిరడా పెట్టాను. మైనం మాత్రం వెయ్యలేదు.